ద్వారపాలకుని కన్నీరు: మహాపింగల జాతకంలో మరణోత్సవం

జాతక సంపుటిలో 240వదిగా లెక్కకు వచ్చే మహాపింగల జాతకం చాలా చిన్నది. వేస్సంతర, ఛద్దంత జాతకాలకు దక్కిన ప్రసిద్ధి దీనికి దక్కలేదు. నీతికథల సంకలనాలలో ఇది కనిపించినా, దుష్టరాజు చస్తే జనం పండుగ చేసుకున్నారన్న ఒక్క వాక్యంగా కుదించుకుపోతుంది. శత్రువు మరణించినపుడు సంతోషించవచ్చునా అన్న ప్రశ్నను ఈ కథ నేరుగా ఎదుర్కొంటుంది. సమాధానం మాత్రం సూటిగా చెప్పదు. ఆ చెప్పకపోవడంలోనే దీని బలమూ, బలహీనతా రెండూ ఉన్నాయి.

బారాణసిని పాలించిన మహాపింగలుడు ప్రజలను పన్నులతో, దండనలతో, అంగచ్ఛేద శిక్షలతో గానుగలో చెరకును పిండినట్లు పిండాడు. కట్టుకున్న భార్యలకు, కన్నబిడ్డలకు, అమాత్యులకు, గృహపతులకు కూడా అతడు కంటిలో నలుసు, అన్నంలో రాయి, మడమలో దిగిన ముల్లు. ఈ ఉపమానాల వరుస వేమన ఆటవెలదులు ఎరిగిన తెలుగు చెవికి కొత్తగా తోచదు. అతని కన్నులు నల్లనివి కావు, పింగళవర్ణం గలవి. పేరు కూడా వాటి వలన వచ్చినదే. రూపంలోనే క్రౌర్యాన్ని చూపే ఈ పద్ధతి కథకులకు సులువైన దారి. అది జాతకకారుని గొప్పతనానికి నిదర్శనం కాదు.

చివరకు ఆ రాజు మరణించాడు. బారాణసి వాసులందరూ హర్షంతో నవ్వారు. వేయి బండ్ల కట్టెలతో శవాన్ని దహించారు. కుండల కొద్దీ నీళ్లు పోసి చితిని చల్లార్చారు. అతని కుమారుడైన బోధిసత్త్వునికి పట్టం కట్టి, ధర్మరాజు లభించాడని ఉత్సవభేరి మ్రోగించి, పతాకాలతో నగరాన్ని అలంకరించారు. కొత్త రాజు శ్వేతచ్ఛత్రం క్రింద, అమాత్యుల నడుమ, మహావైభవంతో సింహాసనం మీద కూర్చున్నాడు. అంత సంబరం మధ్య, రాజుకు కొద్ది దూరంలో నిలిచిన ఒక ద్వారపాలకుడు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

బోధిసత్త్వుడు అతనిని పిలిచి, అందరినీ హింసించిన వాడు పోతే అందరూ సంతోషిస్తున్నారు, నీకు మాత్రం అతడు అంత ప్రియుడా అని అడుగుతాడు. ద్వారపాలకుని జవాబు ఈ కథకు ప్రాణం. ప్రీతి వలన కాదు. రాజు ప్రాసాదం దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ కమ్మరి సమ్మెటతో మోదినట్లు తన తలమీద ఎనిమిదేసి పిడిగుద్దులు గుద్దేవాడు. పరలోకంలోనూ అలవాటు మానుకోక యముని తలమీద గుద్దుతాడు. ఆ బాధ ఓర్వలేక అతనిని మళ్లీ ఇక్కడికే పంపివేస్తారు. అదీ తన భయం. బోధిసత్త్వుడు ఓదారుస్తాడు: వేయి బండ్ల కట్టెలతో కాల్చాము, వందల కుండల నీళ్లతో తడిపాము, ఆ నేలను చుట్టూ త్రవ్వించాము, భయపడకు, అతడు తిరిగిరాడు.

ఇది హాస్యకథ, భిక్షువులు నవ్వాలనే చెప్పినది. అయితే ఆ హాస్యం ఎవరి మీద అన్నది నిలిచి చూడవలసిన సంగతి. పైకి ద్వారపాలకుని అమాయకత్వం మీద. కొంచెం లోతుగా చదివితే, నగరం మీద. ఒక మనిషిని దహించడానికి వేయి బండ్ల కట్టెలు ఎందుకు? చల్లారిన చితి చుట్టూ నేలను త్రవ్వించడం ఎందుకు? తిరిగిరాడని నిశ్చింతగా ఉన్నవారు చేసే పనులు కావవి. బారాణసి వాసులు కూడా ద్వారపాలకుని వలెనే భయపడుతున్నారు. వారి భయం భేరీనాదంగా, పతాకాలుగా వెలికి వచ్చింది, అతనిది కన్నీరుగా వెలికి వచ్చింది. వారికి లేని నిజాయితీ అతనికి ఉన్నది. మరణోత్సవం అనేది విజయగర్వం కంటే ముందు భయపు అవశేషమని ఈ జాతకం చెప్పకుండానే చెబుతున్నది.

బోధిసత్త్వుని ప్రవర్తనలోనూ గమనింపదగినది ఉంది. అతడు ఆ ఉత్సవాన్ని ఆపలేదు, నిందించలేదు. హర్షించాడనే మాట కూడా కథకుడు ఎక్కడా వాడలేదు. చనిపోయినది కన్నతండ్రి. పండుగ చేసుకుంటున్న వేలమందిలో ఎవరితోనూ మాట్లాడని ఆ కుమారుడు, ఏడుస్తున్న ఒక్కనితో మాట్లాడాడు. తండ్రి కోసం ఏడ్చే మనిషి ఒక్కడైనా ఉన్నాడేమోనన్న ఆశ ఆ ప్రశ్నలో ఉందా అన్నది పాఠకుడు ఊహించుకోవలసినదే. కథకుడు దానిని తాకకుండా విడిచిపెట్టడం ఔచిత్యం.

ఇక అసలు మెలిక సమోధానంలో ఉంది. అప్పటి మహాపింగలుడు దేవదత్తుడు, కుమారుడు తథాగతుడే. అంటే, తిరిగిరాడని హామీ పొందిన మహాపింగలుడు తిరిగివచ్చాడు. మరొక పేరుతో, మరొక రూపంతో, అదే కుమారుని ప్రాణం తీయడానికి గృధ్రకూటం మీది నుంచి బండను దొర్లించినవాడై వచ్చాడు. వచన భాగంలో కథకుడు జాగ్రత్తపడి, పరలోకం చేరినవారు అదే శరీరంతో మళ్లీ రారు అన్న అర్థం వచ్చేటట్లు రాజుచేత చెప్పించాడు. అదే శరీరంతో అన్న ఆ మాట బోధిసత్త్వుని సత్యవాక్కును కాపాడుతుంది. ద్వారపాలకుని భయాన్ని మాత్రం పూర్తిగా నిరాధారం చేయదు. సంసారచక్రాన్ని నమ్మిన సంప్రదాయంలో ఏ శత్రువు మరణమూ చివరి మరణం కాదు. పండుగ చేసుకున్న నగరం కంటే ఏడ్చిన సేవకుడే ధర్మానికి దగ్గరగా ఊహించాడు. ఈ వ్యంగ్యం జాతకకారుడు ఎరిగి చేసినదో, వర్తమాన కథకూ అతీత కథకూ ముడి వేయడంలో దానంతట అది ఏర్పడినదో తేల్చడం సాధ్యం కాదు. ఫలితం మాత్రం కథలోనే ఉంది.

వర్తమాన కథ దగ్గర చిక్కు మొదలవుతుంది. దేవదత్తుడు జేతవన ద్వార సమీపంలో భూమిలోకి కూరుకుపోయాడు. బుద్ధునికి శత్రువైనవాడు నశించాడని జనం సంతోషించారు. భిక్షువులు ఈ విషయాన్ని తథాగతునికి నివేదించగా, ఇప్పుడే కాదు, పూర్వం కూడా ఇతడు మరణిస్తే జనం నవ్వారు, సంతోషించారు అని ఆయన ఈ కథ చెప్పాడు. ధమ్మపద అట్ఠకథలో 17వ గాథకు చెప్పిన దేవదత్త వృత్తాంతంలోనూ ఇదే జాతకం ప్రస్తావనకు వస్తుంది. ఈ సన్నివేశాన్ని ఆమోదంగా చదివేవారు ఉన్నారు. సంతోషించినవారిని శాస్త మందలించలేదు కనుక, దుర్మార్గుని చావుకు పండుగ చేసుకోవడం దోషం కాదని వారి తర్కం.

ఈ తర్కం నిలవదు. ఇప్పుడే కాదు, పూర్వం కూడా అన్న పలుకుబడి వర్తమానం నుంచి అతీతానికి దాటే వంతెన. జాతకాలలో లెక్కలేనన్ని మార్లు వస్తుంది. దొంగతనం జరిగినపుడూ, గొడవ జరిగినపుడూ ఇదే మాటతో కథ మొదలవుతుంది. అక్కడ దొంగతనానికి ఆమోదం అని ఎవరూ అనరు. జరిగినదానిని చెప్పడం వేరు, జరిగినది మంచిదనడం వేరు. అలాగని జాతకకారుని పూర్తిగా తప్పించనూ కూడదు. దేవదత్తుని పతనాన్ని చెప్పేటప్పుడు అతని వచనంలో ఒక రుచి వినిపిస్తుంది. జనంతో పాటు తానూ కొంత చప్పట్లు కొట్టాడు. ఆ సంప్రదాయమే మరొకచోట, తనను చంపజూచిన దేవదత్తుని పట్ల, అంగులిమాలుని పట్ల, మదించిన ధనపాల గజం పట్ల, కన్నకొడుకు రాహులుని పట్ల బుద్ధునిది ఒకే చిత్తమని చెప్పింది. దేవదత్తుడు కడపటి క్షణంలో, దవడ వరకు కూరుకుపోయి, బుద్ధుని శరణు పొందాడనీ, సుదూర భవిష్యత్తులో అట్ఠిస్సరుడనే ప్రత్యేకబుద్ధుడు అవుతాడనీ ధమ్మపద అట్ఠకథే చెబుతుంది. సద్ధర్మపుండరీకం ఇంకా ముందుకు వెళ్లి అతనికి సమ్యక్సంబుద్ధత్వాన్నే వ్యాకరించింది. భావి ప్రత్యేకబుద్ధుని మరణానికి జనం పతాకాలు ఎత్తారన్నమాట. మహాపింగల జాతకపు వర్తమాన కథ ఈ సంగతిని స్మరించకపోవడం దానిలోని లోపమే.

నికాయాలు ఈ విషయంలో ఏమంటున్నాయి? అంగుత్తర నికాయం చతుక్కనిపాతంలోని కమ్మపథవగ్గం నాలుగు మెట్లను వేరుచేసింది: స్వయంగా ప్రాణం తీయడం, ఇతరులను పురికొల్పడం, ప్రాణహింసను సమ్మతించడం, దానిని ప్రశంసించడం. నాలుగూ దుర్గతికి దారులే. చేతికి నెత్తురు అంటనివాడు కూడా మూడవ, నాలుగవ మెట్ల మీద నిలబడగలడని ఈ విభజన గుర్తించింది. ఇక్కడ మహాపింగల జాతకం చేసిన ఒక ఎంపిక బయటపడుతుంది. రాజును ఎవరూ చంపలేదు. అతడు తన మరణం తాను పొందాడు. కాబట్టి బారాణసి వాసులు హింసను సమ్మతించినవారు కారు. వారి సంతోషం హత్యను మెచ్చుకోవడం కాదు. జాతకకారుడు కర్తను తొలగించి, సంతోషాన్ని ఒంటరిగా నిలబెట్టి చూపాడు. దేవదత్తుని విషయంలోనూ అంతే. భూమి మింగింది, మనిషి కాదు.

అయినా ఆ ఒంటరి సంతోషం కూడా పరీక్షకు ఆగదు. అంగుత్తరంలోనే సత్తకనిపాతంలో ఒక సూత్రం ఉంది. శత్రువు తన శత్రువుకు కోరుకునే కీడులు ఏడింటిని అది వరుసగా చెబుతుంది: వికారరూపుడు కావాలి, నిద్ర పట్టకూడదు, లాభం కలగకూడదు, సంపద పోవాలి, కీర్తి పోవాలి, మిత్రులు పోవాలి, చివరిది, మరణించాక నరకంలో పడాలి. క్రోధానికి వశుడైనవాడు ఈ ఏడింటినీ తనకు తానే తెచ్చుకొంటాడని, ఆ విధంగా శత్రువు కోరిక తీరుస్తాడని సూత్రపు వాదం. దేవదత్తుడు అవీచిలో పడ్డాడని తెలిసి హర్షించినవారు ఆ ఏడవ కోరిక తీరిందని హర్షించారు. బ్రహ్మవిహారాలలో మూడవదైన ముదిత ఇతరుల సుఖానికి సంతోషించడం. గృహసంబంధమైన సౌమనస్యం ముదితకు దగ్గరి శత్రువని విసుద్ధిమగ్గం హెచ్చరిస్తుంది. తన వారి గెలుపుకు కలిగే పొంగు ముదితలా కనిపించి మోసగిస్తుంది. ఇక పరుల దుఃఖానికి కలిగే ఆనందం ఆ శత్రువు దరిదాపులకైనా రాదు.

నవ్వుతున్న మనస్సు నిజంగా నవ్వుతున్నదా అన్న ప్రశ్నను మరింత పట్టుదలగా వేసినది సమంతపాసాదిక. ఆంధ్రక అట్ఠకథను పేర్కొంటూ, పలుచోట్ల దానితో విభేదిస్తూ సాగే ఈ వినయ వ్యాఖ్య, మూడవ పారాజిక సందర్భంలో ఒక రాజును ఊహిస్తుంది. రాజ్యసుఖాలు అనుభవిస్తూ శయ్యమీద ఉన్న ఆ రాజుకు, దొంగను పట్టుకొచ్చామని చెబితే, పోయి చంపండి అని నవ్వుతూ ఆజ్ఞాపిస్తాడు. పెదవి మీద నవ్వున్నా, ఆ ఆజ్ఞ ఇచ్చిన చిత్తం దౌర్మనస్యంతో కూడినదేనని వ్యాఖ్యాత నిర్ణయం. వధకచిత్తం, సౌమనస్యం ఒక్కచోట ఇమడవని అభిధమ్మ సిద్ధాంతం. ఇది వట్టి శాస్త్రచర్చగా తోచవచ్చు. మహాపింగల జాతకంతో కలిపి చదివితే రెండూ ఒకే సంగతి చెబుతున్నాయి. ఒకటి నవ్వు అడుగున ద్వేషాన్ని చూపింది, మరొకటి భయాన్ని.

శత్రువును చంపి గెలిచిన తరువాత ఏమి చేయాలన్న ప్రశ్నకు ప్రసిద్ధమైన మరొక పాఠం మహావంసం 25వ అధ్యాయం. చోళదేశం నుంచి వచ్చి అనురాధపురాన్ని 44 ఏళ్లు పాలించిన ఎళారుడు, మిత్రునికీ శత్రువుకూ ఒకే న్యాయం చేసినవాడని మహావంసమే ఒప్పుకొన్నది. దుట్ఠగామణి అతనిని నగర దక్షిణ ద్వారం వద్ద ద్వంద్వయుద్ధంలో కూల్చాడు. ఆ వెంటనే భేరి మ్రోగించి చుట్టూ యోజన దూరం వరకు జనాన్ని రప్పించాడు. బారాణసిలో భేరి సంబరానికి మ్రోగితే ఇక్కడ అంత్యక్రియలకు మ్రోగింది. ఎళారుడు పడినచోటనే కూటాగారంలో ఉంచి దహించి, చైత్యం కట్టించి, పూజ ఏర్పాటు చేశాడు. ఆ తావు దగ్గరకు రాగానే లంకారాజులు ఇప్పటికీ వాద్యాలను ఆపివేస్తారని గ్రంథకర్త చేర్చాడు.

ఈ మర్యాద గ్రంథంలోనే ఆగిపోలేదు. 1818 తిరుగుబాటు విఫలమై పారిపోతున్న కండ్య ప్రభువు పిలిమతలావె, అలసిపోయి ఉండికూడా, ఆ సమాధి దగ్గర పల్లకి దిగి, దానిని దాటానని నిశ్చయమయ్యేవరకు నడిచాడని 1840లో ప్రచురితమైన మేజర్ ఫోర్బ్స్ గ్రంథం తెలుపుతుంది. జనం ఎళారుని సమాధిగా నమ్మిన ఆ దిబ్బ నిజానికి దక్షిణ స్తూపమని తరువాతి కాలంలో పరణవితాన గుర్తించాడు. స్థలం తప్పు కావచ్చు. రెండువేల ఏళ్లనాటి శత్రువు కోసం, ప్రాణభయంతో పరుగెత్తేవాడు పల్లకి దిగడం మాత్రం చరిత్రే.

మహావంసకర్త ఇంతటితో ఆగి ఉంటే అధ్యాయం నిష్కళంకంగా మిగిలేది. ఆగలేదు. గెలిచిన రాజుకు రాత్రి ప్రాసాదం మీద, సకల భోగాల నడుమ, సుఖం దొరకలేదు. అక్షౌహిణి సేనను చంపించానన్న ఊహ అతనిని బాధించింది. పియంగుదీపం నుంచి ఎనిమిదిమంది అర్హతులు ఆకాశమార్గాన వచ్చి ఊరడించారు: నీవు చంపినది ఒకటిన్నర మనుషులనే, ఒకడు త్రిశరణాలు పొందినవాడు, మరొకడు పంచశీలాలు కూడా స్వీకరించినవాడు, మిగిలినవారు మిథ్యాదృష్టులు, పశువులతో సమానం. ఒకే అధ్యాయంలో శత్రురాజుకు చైత్యం, శత్రుసైనికునికి మనిషిగా లెక్కకు వచ్చే అర్హత కూడా లేకపోవడం! సాహిత్యదృష్టితో చూస్తే దుట్ఠగామణి నిద్రలేమి ఆ కావ్యంలోని అత్యుత్తమ ఘట్టాలలో ఒకటి. అర్హతుల ఓదార్పు దానిని చంపివేసింది. ధర్మదృష్టితో చూస్తే ఆ ఓదార్పుకు నికాయాలలో ఆధారం లేదు. యుద్ధంలో చనిపోయే యోధుడు స్వర్గానికి పోతాడా అని అడిగిన గ్రామణికి, సంయుత్త నికాయంలో బుద్ధుడు రెండుమార్లు జవాబు దాటవేసి, మూడవమారు అడిగాక, చంపాలన్న సంకల్పమే అతనిని అధోగతికి తీసుకుపోతుందని చెప్పాడు. ఎదుటివాడు ఎవరన్న లెక్క అక్కడ లేదు. వ్యాఖ్యాతలు ప్రాణి గుణాన్ని బట్టి పాపం హెచ్చుతగ్గులు చెప్పిన మాట నిజమే. తగ్గుతుందనడానికీ మనిషే కాదనడానికీ మధ్య ఉన్న దూరాన్ని మహావంసకర్త ఒక్క గెంతులో దాటాడు.

ఆ గెంతు అయిదవ, ఆరవ శతాబ్దాలలో ముగిసిపోలేదు. 2009 మే 18, 19 తేదీలలో ఎల్‌టీటీఈ నాయకుని మరణవార్తతో కొలంబో వీథులలో జెండాలు ఎగిరాయి, టపాసులు పేలాయి, పాలన్నం పంచిపెట్టారు. దుట్ఠగామణి పేరు మళ్లీ మళ్లీ వినవచ్చింది. వాద్యాలను ఆపించిన దుట్ఠగామణి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఆ జనాన్ని క్రూరులని కొట్టివేయడం సులభం, అన్యాయం కూడా. 1985లో అనురాధపుర శ్రీమహాబోధి ప్రాంగణంలో భక్తులు హతులయ్యారు. 1987లో అరంతలావ వద్ద, బస్సులో ప్రయాణిస్తున్న భిక్షువులను, ఎక్కువమంది బాలశ్రామణేరులను, నరికి, కాల్చి చంపారు. దశాబ్దాలపాటు బస్సు ఎక్కడానికి జంకిన జనపు ఉపశమనం బారాణసి వాసుల ఉపశమనం వంటిదే. తేడా ఒక్కటి. మహాపింగలుడు ఒంటరిగా చనిపోయాడు. ముల్లైతీవు తీరపు ఇసుకలో నాయకునితో పాటు, అతనికి ముందు, అతని వలన కూడా, చనిపోయిన తమిళ పౌరులు ఉన్నారు. పాలన్నం పంచినప్పుడు వారు లెక్కలోకి రాలేదు.

అశోకుని 13వ ప్రధాన శిలాశాసనం సరిగ్గా ఆ లెక్కతోనే మొదలవుతుంది: కళింగం నుంచి తరలింపబడినవారు 1,50,000, చంపబడినవారు 1,00,000, మరింతమంది మరణించారు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఈ శాసనం ఉంది. కళింగంలోనే ఉన్న ధౌలి, జౌగడలలో మాత్రం లేదు; అక్కడ దాని స్థానంలో వేరే శాసనాలు చెక్కించారు. ఓడినవారి ఎదుట గెలిచినవాడి పశ్చాత్తాపం కూడా ఒక ప్రదర్శన అవుతుందన్న సంకోచమా, పాలనాపరమైన జాగ్రత్తా అన్నది చర్చనీయమే. ఏదైనా, శత్రువులో ఒకటిన్నర మాత్రమే మనుషులని లెక్కించిన కలం అది కాదు.

మహాపింగల జాతకానికి ఆ లెక్క లేదు. అది ఒక్క మరణం కథ, ఒక్క భయం కథ. బోధిసత్త్వుని మాటతో ద్వారపాలకుడు ఊరడిల్లాడనీ, కొత్త రాజు ధర్మంతో పాలించి కర్మానుసారం పోయాడనీ చెప్పి కథకుడు సమోధానానికి వస్తాడు. తండ్రి ఎవరో, కుమారుడు ఎవరో ఆ వాక్యం తేల్చుతుంది. జేతవనంలో ఆ కథ విన్నవారిలో ఆనాటి ద్వారపాలకుడు ఎవరో చెప్పలేదు.